చెదరని చూపు

పాఠ్యభాగ ఉద్దేశం: బాధను అనుభవించడం వేరు, దానిని కళగా మలచడం వేరు. ఈ భేదాన్ని ఒక చిత్రకారిణి జీవితం ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

మెక్సికో నగరానికి చేరువలోని కొయోవకాన్‌లో 1907 జూలై 6న ఫ్రిడా కాలో జన్మించింది. తండ్రి గిల్లెర్మో జర్మనీ నుండి వలస వచ్చిన ఛాయాచిత్రకారుడు. తల్లి మతిల్దె మెక్సికో దేశీయురాలు. ఆరవ యేట సోకిన పోలియో వల్ల ఫ్రిడా కుడికాలు సన్నబడింది. అయినా వైద్యురాలు కావాలన్న సంకల్పంతో 1922లో జాతీయ సన్నాహక పాఠశాలలో చేరింది. అక్కడి 2000 మంది విద్యార్థులలో బాలికలు 35 మందే.

1925 సెప్టెంబరు 17న ఆమె ప్రయాణిస్తున్న బస్సును ట్రామ్‌బండి ఢీకొన్నది. ఇనుపకమ్మీ కటిభాగంలో దిగబడింది. వెన్నెముక, కుడికాలు విరిగాయి. మంచం పట్టిన కుమార్తె పడుకొనే బొమ్మలు వేసుకోవడానికి తల్లి ప్రత్యేకమైన చట్రం చేయించింది. పైన అద్దం అమర్చారు. నిత్యం ఎదుట ఉండేది తన ముఖమే కనుక ఫ్రిడా దానినే చిత్రించింది. ఆమె వేసిన సుమారు 150 చిత్రాలలో మూడవ వంతుకు పైగా స్వీయచిత్రాలే.

1929లో ప్రసిద్ధ కుడ్యచిత్రకారుడు డీగో రివేరాను వివాహమాడింది. 1939లో విడిపోయి, మరుసటి యేడు వారు మళ్ళీ ఒక్కటయ్యారు. ఆ ఎడబాటు కాలంలో వేసిన 'ఇద్దరు ఫ్రిడాలు' చిత్రంలో ఒకతె ఐరోపా దుస్తులు, మరొకతె మెక్సికో దేశీయ దుస్తులు ధరించి చేతులు పట్టుకొని కూర్చుంటారు. వారి హృదయాలను ఒకే రక్తనాళం కలుపుతుంది.

1944 నాటి 'విరిగిన స్తంభం'లో వెన్నెముక స్థానంలో బీటలు వారిన రాతిస్తంభం ఉంటుంది. వెనుక పగుళ్లిచ్చిన బీడునేల. వానకై ఎదురుచూసే అనంతసీమ పొలాలను ఎరిగినవారికి ఆ నేల కొత్త కాదు. కన్నులలో నీరున్నా ఆమె చూపు మాత్రం సూటిగా మనపైనే నిలుస్తుంది. అది జాలిని అర్థించే చూపు కాదు. బాధ ఎందరికో కలుగుతుంది; దానిని నిదానించి చూచి, రంగులలో నిలిపే శ్రమ కొందరే చేస్తారు.

తన చిత్రాలు స్వప్నాలు కావనీ, తన వాస్తవమేననీ ఆమె చెప్పేది. చర్చిలలో మొక్కుబడిగా సమర్పించే రేకుచిత్రాల నుండి ఆమె ఎంతో గ్రహించింది. తోలుపై రామాయణగాథలకు రంగులద్దే నిమ్మలకుంట కళ వంటి జానపదసంపద ఏ దేశంలోనైనా మహాకళకు పుట్టినిల్లే.

1953లో స్వదేశంలో తొలి వ్యక్తిగత ప్రదర్శన జరిగినపుడు, కదలలేని ఫ్రిడా అంబులెన్సులో వచ్చి మంచంపై ఉండే అతిథులను పలకరించింది. ఆ యేడే కుడికాలు మోకాలి దిగువన తొలగించారు. 1954 జూలై 13న కన్నుమూసింది. ఆమె మరణించిన 'నీలి గృహం' 1958 నుండి ప్రదర్శనశాలగా వెలుగొందుతున్నది.

అర్థాలు
కటిభాగం = నడుము ప్రాంతం
కుడ్యం = గోడ
బీడు = సాగులేని నేల

ప్రశ్నలు
1. 'విరిగిన స్తంభం' చిత్రాన్ని వివరించండి.
2. ఫ్రిడా స్వీయచిత్రాలు వేయడానికి కారణమేమి?
3. గుంతకల్లు పరిసరాలలోని ఒక జానపద కళను గురించి పది వాక్యాలు రాయండి.