నాదానికి ప్రతిపదార్థం

ఉద్దేశం: ఒకరు నిర్మించిన వస్తువును విప్పి, దాని నిర్మాణ రహస్యాన్ని గ్రహించే విద్యలోని మేలును, అందు పాటించవలసిన ధర్మాన్ని తెలియజేయడం.

వీణానాదానికి కుండ ఆధారం. పిఠాపుర సంస్థాన వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారు ఆ నాదంతోనే సభలను రంజింపజేశారు. అదే గోదావరి సీమలోని పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు విద్యుత్తును నాదానికి తోడు చేసుకొన్నారు. మాండలిన్‌కు జంటలుగా ఉండే ఎనిమిది తంత్రులు గమకానికి అంతగా అనుకూలించవు. కావున ఆయన ఐదు ఒంటి తంత్రులు గల విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించారు. వాద్య నిర్మాణం ఎరిగినప్పుడే దానిని మార్చుకొనడం సాధ్యం.

విద్యుత్ గిటారులో ఉక్కు తంత్రి కంపించగానే, దాని క్రింది అయస్కాంతానికి చుట్టిన తీగచుట్టలో సన్నని విద్యుత్తు పుడుతుంది. గిటారుకు, ధ్వనివర్ధకానికి నడుమ ఉండి ఆ విద్యుత్తును మార్చే చిన్న పెట్టెయే ఎఫెక్ట్స్ పెడల్. వాదకుడు దానిని కాలితో నొక్కుతాడు. కొన్ని పెడళ్లలో డయోడులు తరంగ శిఖరాలను కత్తిరిస్తాయి. అందువల్ల క్రొత్త అనుస్వరాలు పుట్టి నాదం గరుకుదేరుతుంది.

అమెరికాలో బిల్ ఫినెగన్ 1994లో ‘క్లాన్ సెంటార్’ అనే పెడల్‌ను విడుదల చేశాడు. లోపలి భాగాలు కనబడకుండ వాటిపై ఎపాక్సీ జిగురు పోసి గట్టిపరచాడు. అయినను జిజ్ఞాసువులు ఆ పూతను తొలగించి, లోపలి అమరికను పటంగా గీశారు. 9 వోల్టుల విద్యుత్తును లోపలనే పెంచుకొనే ఉపాయం, జెర్మేనియం డయోడుల వాడుక, గరుకు నాదంలో స్వచ్ఛనాదాన్ని మేళవించే మార్గం అందరికీ వెల్లడయ్యాయి.

ఈ పని పద్యానికి అర్థం చెప్పడం వంటిదే. భాగాలను ఒక్కొక్కటిగా గుర్తించి విలువలు వ్రాసుకొనడం ప్రతిపదార్థం. పలకపై రాగి దారులను అనుసరించి ఏది దేనితో కలిసినదో తెలుసుకొనడం అన్వయం. ఆ కూర్పు నుండి ఆ నాదమే ఏల పుట్టినదో వివరించగలగడం తాత్పర్యం. తాత్పర్యం ఎరుగక భాగాలను పేర్చినవాడు పద్యాన్ని వల్లెవేసినవాని వంటివాడు. ఒక్క నిరోధకం చెడితే అతని విద్య అక్కడితో ఆగిపోతుంది.

ఇది చౌర్యం కాదా? ఇతర కవుల శబ్దార్థాలను గ్రహించే తీరులను రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఏనాడో విపులంగా చర్చించాడు. ఏండ్ల తరబడి శ్రమించిన నిర్మాతకు రహస్యమే జీవనాధారం. ఆ రహస్యం అతనితోనే అంతరిస్తే విద్యకు నష్టం. కనుక నేర్చుకొనడానికి, బాగుచేసుకొనడానికి విప్పడం విద్య. ఇతరుని పేరును, ముద్రను తగిలించి విక్రయించడం చౌర్యం. ఎవరి వద్ద నేర్చితిమో చెప్పుకొనడం సంస్కారం.

విద్యార్థులారా! బ్యాటరీతో నడిచే పాత పరికరంతో ఈ అభ్యాసం ఆరంభించండి. గోడ విద్యుత్తుతో నడిచేదానిని తెలిసినవారి తోడు లేక విప్పరాదు.

కఠిన పదాలకు అర్థాలు
తంత్రి = తీగ; వైణికుడు = వీణ వాయించేవాడు; జిజ్ఞాసువు = తెలుసుకొనగోరువాడు; చౌర్యం = దొంగతనం

ప్రశ్నలు
1. పెడల్ పరిశీలనను పద్యార్థ వివరణతో రచయిత ఎట్లు పోల్చాడో వివరించండి.
2. శ్రీనివాస్ గారు ఒంటి తంత్రులను ఏల ఎన్నుకొన్నారు?
3. నిర్మాత హక్కు, విద్యార్థి జిజ్ఞాస – వీటిలో ఏది మిన్న? మీ అభిప్రాయం వ్రాయండి.
4. సంధి విడదీసి, పేరు తెల్పండి: శబ్దార్థాలు, జీవనాధారం.