మూలబడిన ఆయిలింజనును మరల నడిపించు విధము



మార్కాపురము, తర్లుపాడు, కంభము ప్రాంతములందు బావులకు విద్యుత్తు మోటారులు వచ్చిన పిమ్మట అనేకుల ఆయిలింజనులు కొట్టములలో మూలబడినవి. వర్షములు మొగము చాటువేసి, పొలములోని కుంటనుండియో గుండ్లకమ్మ మడుగునుండియో మిరపచేనికి ఒక్క తడి పెట్టవలసిన దినమున వాని విలువ తెలియును. ఆ దినమున తొందర సహజమే. కాని అట్టి యింజను తుప్పువలన చెడుటకంటె, మొదటినాటి తొందరవలన చెడుటయే మెండు.

నేనొకప్పుడు బిగిసిన చక్రమును గడ్డపారతో త్రిప్పించితిని. పిస్టను రింగు విరిగి సిలిండరు గీసికొనిపోయినది. రింగులు పోతయినుపవి, తుప్పుపట్టి సిలిండరునకు అంటుకొనును. పోతయినుము వంగదు, విరుగును. కావున ఈ క్రమమును పాటింపుడు.

మొదటిది: ఇంజెక్టరును విప్పి, ఆ రంధ్రముగుండ కిరసనాయిలు, ఇంజనాయిలు సమముగా గలిపి కొలదిగా పోసి, ఒక రాత్రి యుంచవలెను. వీలుకాని రకమైనచో మెకానిక్కుచే హెడ్డు విప్పించవలెను. మరునాడు వాల్వులు బిగియలేదని చూచుకొని, చక్రమును చేతితో ముందునకు వెనుకకు మెల్లగా కదపవలెను. కదలనిచో మరల నూనె పోసి కాచుకొనుడు, సుత్తి పట్టకుడు. కదలిన పిదప, ఇంజెక్టరు బిగించుటకు ముందే చక్రమును త్రిప్పి మిగిలిన నూనెను వెలికి పోనిండు.

రెండవది: అడుగుననున్న పాత ఆయిలును తీసివేసి, డీజిలుతో కడిగి తుడిచి, క్రొత్త ఆయిలు పోయుడు. వాల్వుల కాడలకును ఆయిలు పెట్టుడు.

మూడవది: పాత డీజిలును పారబోసి టాంకి కడుగుడు, అడుగున నీరు చేరియుండును. ఫిల్టరు మార్చి, గొట్టములోని గాలిబుడగలు పోవువరకు డీజిలును వెలికి వదలుడు. పంపునందు డీజిలు మోతాదును హెచ్చించి తగ్గించు కడ్డీ సులభముగా కదలవలెను. అది బిగిసినచో ఇంజను అదుపుతప్పి పరుగెత్తును. అట్లయిన డీజిలును కట్టివేసి, గాలి పీల్చు ద్వారమును చెక్కపలకతో మూయవలెను. చేయి అడ్డము పెట్టరాదు.

నాలుగవది: పొగగొట్టములో ఎలుకగూడు, కందిరీగల మట్టి లేకుండ చూచి, నీరు తిరుగు మార్గమును కడుగుడు.

ఇక ముఖ్యమైన మాట. ఇంజనును బావిలోపలి అరుగుమీద గాని, తలుపులు మూసిన గదిలో గాని నడుపరాదు. పొగలోని విషవాయువునకు రంగు వాసనలు లేవు; మనిషి ఎరుగకయే సొమ్మసిల్లి ప్రాణము విడుచును. పడినవానికై వెంటనే దిగినవాడును అట్లే పడును.

ఇంజను అందుకొనిన పిదప పావుగంట సేపు పంపు తగిలింపక ఒట్టిగా నడుపుడు. ఆయిలు సరిగా పారకున్నను, లోపల క్రొత్త చప్పుడు వినబడినను వెంటనే ఆపుడు.

ఈ పనికి రెండుమూడు దినములు పట్టును. కావున వేసవిలోనే ముగించుకొనుడు. పైరు వాడుచుండగా ఓర్పు వహించుట ఎవరికిని సాధ్యము కాదు.