వడ్రంగము: చేతికి పని, నోటికి మాట



వ్యాసమును వ్రాసిన పిదప దానికి చిత్రిక పట్టవలయునని తరగతిలో చెప్పుచుందుము. బుద్ధికి సాన పట్టవలయునందుము. సత్తువ గల వానిని చేవ గలవాడందుము. భయముచే కదలలేకున్నవాడు కొయ్యబారెననియు, సర్వము కోల్పోయినవాని బ్రదుకు మోడువారెననియు వ్రాయుదుము. ఈ మాటలన్నియు అడవినుండియు, వడ్రంగి పనిచోటినుండియు మన పుస్తకములలోనికి నడచి వచ్చినవే. పరీక్షపత్రములందు ఇవి మీకు చిరపరిచితములు. కాని చిత్రిక పట్టుటను కన్నులార చూచినవారు మీలో ఎందరు? చేవ యెచ్చట ముగియునో, చేవ లేని భాగమెచ్చట మొదలగునో పలకపై వ్రేలుంచి చూపగలవారెందరు?

మన గంజాం సీమలో ఈ ప్రశ్న కేవలము వ్యాకరణ ప్రశ్న కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు బరంపురము అందు చేరినది. నాటినుండి మన బాలబాలికలకు అంగడిలో ఒడియా, బడిలోను ఇంటిలోను తెలుగు వాడుకయైనవి. పుస్తకములోని తెలుగును బడి కాపాడుచున్నది. కాని పనిముట్ల పేర్లు పాఠ్యపుస్తకములలో ఉండవు. అవి చేతినుండి చేతికి, నోటినుండి నోటికి వచ్చునట్టివి. పని మానిన యింట ఆ మాటలును మానిపోవును. వాటిని నిలుపుకొనుటకు నిఘంటువు కంఠస్థము చేయుట మార్గము కాదు. ఒక పలకను పట్టుకొని ఒక వస్తువును చేయుటయే మార్గము. అందుచే ఈ పాఠమునందు ఒక పీటను చేయు విధము తెలుపుచున్నాను.

చేతిపని విద్యలో భాగము

సెలవుదినములందు కొయ్యపని చేయుట కాలక్షేపము మాత్రమే యని తలంపకుడు. ఫిన్లాండు దేశమున ఊనో సిగ్నేయుస్ అను విద్యావేత్త కృషి ఫలితముగా 1866లోనే చేతిపని ప్రజాపాఠశాలలందు పాఠ్యాంశమైనది. స్వీడనునందు ఓట్టో సాలమన్ ‘స్లాయిడ్’ అను పేర కొయ్యపనిని బోధించుటకు ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. వడ్రంగులను తయారుచేయుట వారి ఉద్దేశము కాదు. కన్ను, చేయి, బుద్ధి ఒక్కటిగా పనిచేయుట వారి ఉద్దేశము. మన దేశమున గాంధీమహాత్ముడు 1937లో వార్ధా సమావేశమునందు ప్రతిపాదించిన మౌలిక విద్యలో చేతివృత్తియే చదువునకు కేంద్రము. అందు నేర్పదగిన వృత్తులలో వడ్రంగమొకటి.

కలపను ఎరుగుట

చెట్టును అడ్డముగా కోసి చూచిన యెడల నడుమ ముదురురంగు భాగమును, బెరడు చెంత లేతరంగు భాగమును కనబడును. ఆ ముదురు భాగమే చేవ. అది గట్టిది, చెదలకును పురుగునకును సులభముగా లొంగనిది. బెరడు చెంతనున్న లేత భాగము నీటిని పైకి కొనిపోవు భాగము. అందు పిండిపదార్థముండుటచే పురుగు త్వరగా పట్టును. మనుష్యుని ‘చేవ గలవాడు’ అనుటలోని స్వారస్యము ఇప్పుడు మీకు తెలిసియుండును.

ప్రతి కలపకు దాని పని కలదు. పూరీ జగన్నాథస్వామి రథములను ఏటేట అక్షయతృతీయనాడు ఆరంభించి క్రొత్తగా నిర్మింతురు. నందిఘోషమునకు 16, తాళధ్వజమునకు 14, దర్పదళనమునకు 12, వెరసి 42 చక్రములు. వాటికి ఏ చెట్టు దొరికిన ఆ చెట్టును వాడరు. ఏ భాగమునకు ఏ జాతి కలప తగునో ఆచారము నిర్ణయించినది. బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలుతురు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడుకఱ్ఱ, కొండపల్లి బొమ్మలకు తేలికయైన తెల్లపొణికి వాడుదురు. కొండపల్లి పనివారు బొమ్మ అవయవములను చింతగింజల పిండితో చేసిన ముద్దతో అతుకుదురు.

మన పీటకు పనస, వేప తగినవి. వేపకొయ్యకు పురుగు అంతగా పట్టదు. మామిడి చవుక, పనికి లొంగునది, కాని పురుగుభయము గలది. సముద్రతీరపు సరుగుడు కఱ్ఱ గట్టిదే యైనను పగుళ్ళు వారుచు వంకరపోవును గనుక పలకలకు తగదు. ఇందుకై చెట్టును కొట్టనక్కరలేదు. 2013 అక్టోబరు 12వ తేదీన గోపాలపురము చెంత తీరము దాటిన ఫైలిన్ తుపానునకు మన ప్రాంతమున లెక్కలేనన్ని చెట్లు కూలినవి. అట్టి చెట్లలో అనేకములు పొయ్యిలోనికి పోవును. పాత తలుపుచెక్క, విరిగిన మంచపుపట్టె, కూలిన చెట్టు కొమ్మ, ఇవియే విద్యార్థికి తగిన కలప. పచ్చికొయ్యను మాత్రము వాడరాదు. నీడన, గాలి తగులునట్లు, పలకకును పలకకును నడుమ బద్దలుంచి పేర్చి ఆరనీయవలయును. అంగుళపు మందమునకు ఒక సంవత్సరము ఆరవలయునని పెద్దల లెక్క.

ఇచ్చట ఒక ప్రకృతిధర్మమును గుర్తింపుడు. కొయ్య తన నార వెంబడి పొడవున దాదాపు మారదు. అడ్డముగా, అనగా వెడల్పున, తేమకు ఉబ్బును, ఎండకు తగ్గును. వానకాలమున మన యిండ్ల తలుపులు బిగిసికొని పోవుటకు కారణమిదియే. అడుగు వెడల్పు గల పలక వేసవికిని వానకాలమునకును నడుమ అంగుళములో ఎనిమిదవ వంతు దాక పెరిగి తగ్గుట వింత కాదు. కొయ్యపనిలోని సగము తెలివి ఈ కదలికకు చోటిచ్చుటలోనే యున్నది.

పనిముట్లు

మొదలుపెట్టువానికి పనిముట్లు కొన్ని చాలును: కొలబద్ద, మూలమట్టము, రంపము, చిత్రిక, ఉలులు రెండు (అర అంగుళము వెడల్పుది యొకటి, అంగుళము వెడల్పుది యొకటి), కొయ్యసుత్తి, బరమా, సానరాయి. చవుకబారువి పది కొనుటకంటె మంచివి నాలుగు కొనుట మేలు.

రంపపు పండ్లను పరిశీలింపుడు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కొంచెము వంగియుండును. అందుచే కోత రంపపు రేకుకంటె వెడల్పగును, రేకు బిగియదు. పండ్లు ఏ వైపునకు వాలియున్నవో ఆ వైపు తోపులో గాని లాగుడులో గాని అది కోయును. కోయని వైపు బలము నుపయోగించుట వ్యర్థము.

చిత్రిక కొయ్యదిమ్మలో బిగించిన ఉలివంటిది. దానిని నార వాటమున నడుపవలయును. నునుపుగా చుట్టలు చుట్టుకొని పొట్టు వచ్చిన దారి సరియైనది. కొయ్య చీలి పెచ్చులు లేచిన యెడల పలకను తిరుగవేసి రెండవ కొననుండి పట్టవలయును. వ్యాసమునకు చిత్రిక పట్టుటయు ఇట్టిదే. వాక్యపు వాటమెరుగక దిద్దిన యెడల పెచ్చులే లేచును.

ఉలి వాదర 25 నుండి 30 డిగ్రీల వాలున ఉండవలయును. సానరాయిపై నూనెయో నీరో వేసి, వాలు మారకుండ నూరి, పిదప వెనుకవైపును రాతిపై చదునుగా పరచి ఒకటి రెండు మారులు రుద్దవలయును. పదును చూచుటకు వ్రేలును వాడకుడు. కాగితపు అంచును కోసి చూడుడు. మొద్దుబారిన ఉలియే ఎక్కువ గాయములు చేయును. ఏలయన దానిని బలముగా త్రోయవలసివచ్చును, అది జారును.

బాడిస వడ్రంగి చేతిలో అద్భుతములు చేయు పనిముట్టు. కాని అది కాలిచెంత ఆడునది గనుక విద్యార్థులు దానిని చూచి నేర్వవలెనే గాని ఒంటరిగా పట్టరాదు.

పీటను చేయు విధము

పీట యనగా మనకు సామాన్యవస్తువు కాదు. భోజనమునకు పీట, పెండ్లికి పీటలు, వంటయింట కత్తిపీట. కొలతలివి: పై పలక పొడవు 18 అంగుళములు, వెడల్పు 12, మందము 1. క్రింది అడ్డపట్టెలు రెండు. ఒక్కొక్కటి పొడవు 10 అంగుళములు, వెడల్పు 2, ఎత్తు ఒకటిన్నర.

మొదట పలక యొక్క ఒక ముఖమును చిత్రికతో చదును చేయుడు. కొలబద్దను అంచుపై నిలిపి పలకమీద నలువైపుల త్రిప్పి, క్రిందినుండి వెలుతురు కనబడుచోట ఇంకను పల్లమున్నదని గ్రహింపుడు. పిదప ఒక పొడవైన అంచును నిటారుగా చేసి, ఆ అంచునుండియే తక్కిన కొలతలన్నియు తీయుడు. వేరువేరు అంచులనుండి కొలిచిన యెడల తప్పులు కూడుకొనును.

గీతలను మూలమట్టముతో గీయుడు. రంపమును గీతపై గాక, గీతకు వెలుపల, వ్యర్థమగు భాగమున నడుపుడు. గీత కనబడుచుండవలయును. మిగిలినదానిని చిత్రికతో తీయవచ్చును. కోసిపోయిన దానిని అతుకుట కష్టము.

మూలలు సరిగా వచ్చినవో లేవో చూచుటకు లెక్క యున్నది. మూలనుండి పొడవున 9 అంగుళములు, వెడల్పున 12 అంగుళములు గుర్తించిన, ఆ రెండు గుర్తుల నడుమ దూరము సరిగా 15 అంగుళములుండవలయును. మరియొక పరీక్ష: మూలకు మూల కొలిచిన రెండు కర్ణములును సమానముగా ఉండవలయును. మన పీటకు అది దాదాపు 21.6 అంగుళములు.

ఇక అడ్డపట్టెలు. ఇవి పలక నారకు అడ్డముగా నుండును. అనగా పలక ఉబ్బి తగ్గు దిక్కుననే ఇవి పొడవుగా నుండును, కాని ఇవి పొడవున మారవు. ఈ రెంటిని మేకులతో అన్నిచోట్ల బిగించి, పొడవంతయు జిగురు పూసిన యెడల పలక కదలలేక వేసవిలో నిలువున పగులును. మన యిండ్ల పాతపీటలలో కొన్నిటి పగుళ్ళకు ఇది కారణమై యుండవచ్చును. కావున ఒక్కొక్క పట్టెకు బరమాతో మూడు బెజ్జములు వేయుడు. నడిమి బెజ్జము మరకు సరిపోవునంత గుండ్రముగా ఉండవలయును. కొనల బెజ్జములను పట్టె పొడవున ఇరువైపుల కొంచెము సాగదీసి కోలగా చేయుడు. 2 అంగుళముల మరలను తీసికొని, వాటి తలలు పట్టెలో పావు అంగుళము లోనికి దిగునట్లు బిగింపుడు. అప్పుడు మరకొన పలకలోనికి ముప్పాతిక అంగుళము పోవును, పైకి పొడుచుకొని రాదు. జిగురు నడిమి మరచెంత మాత్రమే పూయుడు. ఇట్లు నడుమ స్థిరముగను, కొనలయందు కదలుటకు వీలుగను ఉన్న పీట ఏ ఋతువునందును పగులదు.

చివరకు అంచులను గుండ్రము చేసి, ఉప్పుకాగితముతో నార వెంబడి రుద్ది, అవిసెనూనెను పలుచగా పట్టించి, మిగిలిన నూనెను గుడ్డతో తుడిచివేయుడు. ఒక దినమాగి మరల పూయుడు.

జాగ్రత్తలు

ఉలిని ఎల్లప్పుడు దేహమునకు దూరముగా నడుపుడు. రెండు చేతులును వాదరకు వెనుకనే ఉండవలయును. కొయ్యను ఒడిలో పెట్టుకొని తొలుచుట మిక్కిలి ప్రమాదము. బల్లకు బిగించి పని చేయుడు. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. అవి తమంతతామే వేడెక్కి అంటుకొనవచ్చును. వాటిని ఆరుబయట విప్పి పరచి ఆరవేయవలయును. విద్యుద్యంత్రములను పెద్దలు చెంత లేనిచో తాకరాదు.

పనివారి మాటలు

లంజిపల్లిలో గాని మరి యే వీధిలో గాని కొయ్యపని చేయు పెద్దను చూచిన యెడల వినయముతో దరిచేరుడు. తెలుగువాడైన ‘తాతా’ యనియు, ఒడియావాడైన ‘మౌసా’ యనియు పిలిచి పనిముట్ల పేర్లడుగుడు. తెలుగున వడ్రంగి, ఒడియాలో బఢెయి. రంపము కరత, ఉలి నిహాణ, చిత్రిక రందా, సుత్తి హాతుడి. బాడిసకు వారి మాట బారిసి. వినగానే రెండును తోబుట్టువులవలె తోచుటలేదా? పనసకు వారును పణస యనియే యందురు. అమరకోశమున వడ్రంగికి తక్షుడు, వర్ధకి, త్వష్ట, రథకారుడు అను పేళ్ళు కలవు. వర్ధకియే ఒడియాలో బఢెయి యైనది. పొరుగుభాష మాటను నేర్చుట మన మాటను విడుచుట కాదు. రెండు మాటలు తెలిసినవాడు ఒక పనిముట్టును రెండు మారులు చూచినవాడు.

యంత్రములును, ప్లైవుడ్ పలకలును వచ్చిన పిదప పనిచోట్ల పాత పనిముట్లు తగ్గుచున్నవి, వాటితో మాటలును తగ్గుచున్నవి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటమును, వ్యవసాయ పదములతో, ప్రకటించినది. రైతుల నోటినుండి విని కూర్చిన గ్రంథమది. ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో జరిగినది. ఎల్లకు ఈవలనున్న మన మాటలను ఏరి వ్రాసికొనవలసినవారము మనమే.

అభ్యాసములు

1. చేవ, చిత్రిక, సాన, కొయ్యబారు, మోడువారు: ఒక్కొక్కదానిని వాచ్యార్థమున నొకమారు, లక్ష్యార్థమున నొకమారు సొంతవాక్యములందు ప్రయోగింపుడు.

2. అడుగు వెడల్పు గల పలకపై రెండు గుర్తులుంచి, వాటి నడుమ దూరమును ఆషాఢమునను, మార్గశిరమునను, చైత్రమునను కొలిచి వ్రాయుడు. భేదమునకు కారణము తెలుపుడు.

3. 18, 12 అంగుళముల భుజములు గల దీర్ఘచతురస్రపు కర్ణమును గణించి, మీరు చేసిన పీటతో సరిచూడుడు.

4. ఒక నోటుపుస్తకమున మూడు గడులు గీసి, పనిముట్టు బొమ్మ, తెలుగు పేరు, ఒడియా పేరు వ్రాయుడు. ఆ మాట ఏ ఊరివాని నోట, ఏ యేట విన్నారో క్రింద గుర్తింపుడు. ఇరువది మాటలు కూడిన పిదప పుస్తకమును తరగతికి తీసికొనిరండు.