లిబర్టీ ముఖం చూడాలంటే పొద్దున్నే వెళ్లండి

ప్రశ్న: మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు. వచ్చే నెల న్యూయార్క్, నయాగరా తిప్పి చూపించాలనుకుంటున్నాం. ఇంతకుముందు మా అత్తామామల్ని తీసుకెళ్తే ఫొటోల్లో లిబర్టీ విగ్రహం బాగానే పడింది కానీ వాళ్ల ముఖాలు నల్లగా వచ్చాయి. కొన్నింట్లో మనుషులు చీమల్లా ఉన్నారు. మంచి కెమెరా కొనమంటారా?
- ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: వద్దు. ఆ డబ్బుతో నయాగరాలో ఇంకో రాత్రి ఉండండి.

ముఖాలు నల్లబడింది వెనకున్న ఆకాశం వల్ల. ఫోన్ ఆ వెలుగుకు తగ్గట్టు సర్దుకుని మనిషిని చీకట్లో వదిలేస్తుంది. తెర మీద అమ్మగారి ముఖాన్ని వేలితో తాకండి. చాలా ఫోన్లలో పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కాస్త పైకి జరపండి. ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి, ఆకాశం తెనాలిలోనూ ఉంది.

లిబర్టీ ఆగ్నేయం వైపు చూస్తూ నిలబడింది. అందుకే పొద్దున పూట ఎండ ఆమె ముఖం మీద పడుతుంది, మధ్యాహ్నం దాటితే వీపు మీదికి పోతుంది. స్టేటన్ ఐలాండ్ ఫెర్రీకి టికెట్ లేదు. మాన్‌హట్టన్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు రెయిలింగ్ పట్టుకుంటే చాలు, విగ్రహం అటే వస్తుంది.

ఇక చీమల సంగతి. పీఠంతో కలిపి విగ్రహం ఎత్తు 305 అడుగులు. దాని కాళ్ల దగ్గరికి పెద్దవాళ్లను పంపి, మొత్తం పట్టాలని మనం వెనక్కి వెనక్కి వెళ్తాం. దూరంగా ఉండాల్సింది విగ్రహం, మనుషులు కాదు. అమ్మానాన్నల్ని మీకు నాలుగడుగుల దూరంలో నిలబెట్టి నడుము పైనుంచి తీయండి, విగ్రహం వాళ్ల భుజం మీదుగా కనబడుతుంది. అన్నట్టు, మనవాళ్లు ఫొటో అనగానే చేతులు కిందికి చాచి పాస్‌పోర్టుకి నిలబడ్డట్టు బిగుసుకుపోతారు. నవ్వమనకండి. టికెట్ రూపాయల్లో ఎంతైందో నాన్నగారిని లెక్కకట్టమని, ఆయన లెక్కలో ఉండగా నొక్కండి.

నయాగరాలో ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. మీ తల నీడ పడే దిక్కు చూసుకోండి, అక్కణ్ణించి చుట్టూ 42 డిగ్రీల దూరంలో రంగులు కడతాయి. అక్కడ తుంపర మనకంటే కింద ఉంటుంది కాబట్టి ఎండ నడినెత్తికి వచ్చినా కనబడే వీలుంది. మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ ఎక్కేముందు అందరికీ నీలం రంగు రెయిన్‌కోటు ఇస్తారు. అమ్మగారి పట్టుచీర ఫొటో అది తొడగకముందే అయిపోవాలి. పడవలో లెన్సు మీద నీటి చుక్కలు నిలుస్తాయి, పొడి జేబురుమాలు చేతిలోనే ఉంచుకోండి.

ప్రశ్న: గ్రాండ్ కాన్యన్ కళ్లకు అద్భుతం, ఫొటోలో పాత క్యాలెండర్ బొమ్మలా పాలిపోయింది. మేం వెళ్లింది పట్టపగలే.
- ఒక పాఠకుడు, ఫీనిక్స్

జవాబు: తప్పంతా ఆ పట్టపగలుదే. దాదాపు మైలు లోతున్న లోయ అది. ఎండ నిట్టనిలువునా పడితే నీడలుండవు, నీడలు లేకపోతే ఫొటోలో లోతు తెలియదు. సూర్యాస్తమయానికి గంట ముందే హోపీ పాయింట్ చేరుకోండి. మార్చి నుంచి నవంబరు దాకా ఆ దారిలో సొంత కార్లు రానివ్వరు, ఉచిత బస్సులుంటాయి. సూర్యుడు దిగగానే జనమంతా బస్సు లైనుకు పరిగెడతారు. మీరు కాసేపు ఆగండి, రాళ్ల మీద అసలు రంగు అప్పుడే దిగుతుంది. ఇంట్లోవాళ్లను అంచు దగ్గర నిలబెట్టి 'ఇంకొంచెం వెనక్కి' అని మాత్రం ఎప్పుడూ అనకండి.

ప్రశ్న: యెల్లోస్టోన్‌లో బైసన్‌తో సెల్ఫీ తీసుకోవచ్చా? డ్రోన్?
- ఒక విద్యార్థి, డెన్వర్

జవాబు: బైసన్‌కు కనీసం 25 గజాలు, ఎలుగుబంటికీ తోడేలుకూ 100 గజాలు దూరం ఉండాలన్నది పార్కు నిబంధన. సెల్ఫీకి అది కుదరదు. బైసన్ చూడ్డానికి గేదెలా మందంగా ఉంటుంది కానీ మనకంటే చాలా వేగంగా పరిగెత్తుతుంది. కారులో కూర్చుని జూమ్ వాడుకోండి. డ్రోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి, 2014 నుంచి నేషనల్ పార్కుల్లో ఎగరనివ్వడం లేదు.