ఐసీ నకిలీదైతే ఎవర్ని అడగాలి?

కొండాపూర్ మండలంలో టీవీలు బాగుచేసే షాపుకైనా, పటాన్‌చెరు ఫ్యాక్టరీల డ్రైవ్ కార్డులు చూసే మెకానిక్‌కైనా చిన్న ఐసీ కావాలంటే కోఠి గుజరాతీ గల్లీయో, ఆన్‌లైనో దిక్కు. అక్కడ వచ్చే సందేహాలివి.

పాత మోడల్‌కు కంపెనీ స్పేర్లు ఇవ్వనంటే?

ఇన్నేళ్లపాటు ఇచ్చి తీరాలనే ప్రత్యేక చట్టం మనకింకా లేదు. కేంద్రం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది గానీ, దానికి సమాచారం చూపడమే తప్ప దండించే చెయ్యి లేదు.

నకిలీదని రుజువు చేసేదెలా?

ముందు పైనున్న తేదీ కోడ్ చూడండి. చాలా ఐసీల మీద 1932 అంటే 2019లో 32వ వారం. ఆ మోడల్ తయారీ ఆగిపోయాక పడ్డ తేదీ ఉంటే అనుమానించాల్సిందే. అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దండి. నల్లరంగు అంటితే పాత అచ్చు గీకి కొత్త అచ్చు కొట్టారన్నమాటే. అంటకపోయినంత మాత్రాన అసలుదనీ కాదు. కాళ్లకు పాత సోల్డర్ ఉంటే బోర్డు నుంచి పీకిన సరుకే. ఒకదాన్నే పరీక్షించి, మిగతావి కవరుతో సహా దాచండి. రేపు సాక్ష్యం అవే.

బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అని ముద్ర ఉంటే?

భయపడక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది అనుచిత వ్యాపారం. బిల్లివ్వకపోవడమూ అంతే. ఆ బిల్లులో ‘ఐసీ 10’ అని గీకితే సరిపోదు, పార్ట్ నంబరు పూర్తిగా రాయించుకోండి.

నేను షాపువాణ్ణి. నాకూ ఈ చట్టం వర్తిస్తుందా?

ఇక్కడే తిరకాసు. బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే మల్టీమీటర్, సోల్డరింగ్ స్టేషన్ చెడితే మీరు వినియోగదారే. గిరాకీకి అమ్మడానికి కొన్న మోస్‌ఫెట్ విషయంలో ‘తిరిగి అమ్మకానికి కొన్నాడు’ అని ఎదుటివాడు వాదిస్తాడు. అప్పుడు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ఉంది: చెప్పిన రకం సరుకే ఇవ్వాలి. దానికి సివిల్ కోర్టు దారి, చిన్న మొత్తానికి గిట్టదు.

ఫిర్యాదెక్కడ?

వినియోగదారులైతే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కోఠిలో కొన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

నేను వేసిన పార్టే కాలిపోతే?

గిరాకీకి మీరే జవాబుదారీ. పాత బోర్డు నుంచి పీకిన పార్టు వేస్తే ముందే చెప్పి, బిల్లులో ఆ మాట రాయండి.