ఆరితేరిన ఈతగాండ్రు మరల పాఠశాలకు బోవుట

2018 వ సంవత్సరము జూను 23 వ తేదీన థాయిలాండు దేశపు ఉత్తర భాగమునగల థాం లువాంగు గుహలోనికి 12 మంది బాలురును, వారికి కాలిబంతి ఆట నేర్పు శిక్షకుడును పోయి, వర్షపు నీరు వెనుకదారిని మూసివేయుటచే లోపల చిక్కుకొనిరి. ఆ వార్త మన చదువరులలో అనేకులెఱిగినదే. కాని అందొక సంగతిని అంతగా గమనింపరైరి. వారిని వెదకుటకు గుహలో దిగినవారిలో థాయి నౌకాదళపు సైనికులు గలరు. దేహబలమునందు గాని, ధైర్యమునందు గాని, సముద్రపు ఈతయందు గాని వారికి కొఱతలేదు. అయినను జూలై 2 వ తేదీన బాలురను కనుగొన్నవారు రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ అను ఇద్దరు ఆంగ్లేయులు. మొదటివాడు అగ్నిమాపక దళమున పనిచేసి విరమించినవాడు. రెండవవాడు కంప్యూటరు పనివాడు. జూలై 6 వ తేదీన, గుహలోపల గాలి సిలిండర్లనుంచి మరలివచ్చుచు, సమన్ కునన్ అను మాజీ నౌకాదళ వీరుడు నడుమదారిని గాలిచాలక ప్రాణములు విడిచెను. తక్కిన 13 మందియు జూలై 10 వ తేదీకి సజీవులై వెలుపలికి వచ్చిరి. సముద్రమున నేర్చిన విద్య గుహలో ఏల చాలదో, దానికై గజఈతగాండ్రు సైతము మరల ఏమి నేర్చుకొనవలెనో ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

స్కూబా యనగా ఊపిరికి వలయు గాలిని సిలిండరులో నింపి వీపున మోసికొనిపోవు ఈత. 1943 లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనువారు సిద్ధపరచిన సాధనముతో ఇది వ్యాపించెను. బయటి నీటిలో ఆపద కలిగినచో తలపై ఆకాశమున్నది. ఊపిరి చాలకున్న పైకి లేవవలెనని మన పల్లెల దిగుడుబావిలో ఈదు పిల్లవానికిని తెలియును. గుహలో తలపై ఉన్నది ఱాయి. వచ్చినదారినే, వచ్చినంతదూరమును మరలిపోవలెను. భేదమింతే, తక్కిన కష్టములన్నియు దీనినుండి పుట్టినవే.

అమెరికాయందలి ఫ్లారిడా రాష్ట్రపు ఉత్తరభాగమున నేల క్రింద సున్నపుఱాయి గలదు. వాననీరు దానిని యుగములుగా కరగించి సొరంగములు తొలిచినది. అచ్చటి ఊటలనీరు అద్దమువలె తేటగానుండును. ఆ తేటతనమే వల. సముద్రమున వందలమారులు మునిగిన వారు "కొంచెము లోపలికి పోయి చూతము" అని దూరి, మరల రాలేదు. అందుచే అచ్చటి అనేక గుహాముఖములయొద్ద, నీటిలోపలనే, మృత్యుదేవత బొమ్మతో కూడిన హెచ్చరిక పలకలు నాటియున్నారు. ఇతరులకు స్కూబా విద్య నేర్పు శిక్షకులు సైతము ఇట్టి గుహలలో చనిపోయిరని ఆ పలక చెప్పును.

ఈ మరణములను లెక్కవేసి పరిశీలించినవాడు షెక్ ఎక్స్‌లీ. ఆయన వృత్తిచే గణితోపాధ్యాయుడు. ఒక్కొక్క ప్రమాదమును తప్పిన లెక్కవలె ముందుంచుకొని, ఎచ్చట తప్పెనో వెదకి, 1979 లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. చనిపోయినవారిలో పెక్కుమంది వెలుపలివరకు తెగని త్రాడును వేసికొనలేదు. లేదా తిరుగుదారికి చాలినంత గాలిని నిలుపుకొనలేదు. లేదా మితిమీరిన లోతునకు దిగిరి. శిక్షణలేమియు, దీపముల కొఱతయు పిమ్మట ఈ పట్టికలో చేరినవి. గుహకు పోవు ప్రతివాడును మూడు దీపములు కొనిపోవలెనను నియమము నేడు వాడుకలో నున్నది.

ఇక శిక్షణ ఎట్లుండును? మొదటి పాఠము నేలమీదనే. చెట్లనడుమ త్రాడు కట్టుదురు. ఏండ్లతరబడి సముద్రములీదిన వారు కన్నులు మూసికొని, బొటనవ్రేలిని చూపుడువ్రేలిని కలిపి ఉంగరముగా త్రాటిచుట్టునుంచి, తడవుకొనుచు నడతురు. చూచువారికిది చిన్నపిల్లల కన్నుగంతలాటవలె కనబడును. పిమ్మట నీటిలో, దీపములార్పి, దీనినే చేయుదురు. ముందువాని కాలుపట్టి ముందునకు నెట్టిన "పద" అనియు, గట్టిగా పట్టిన "ఆగుము" అనియు అర్థము. కాలు ఆడించుటయు క్రొత్తగా నేర్వవలసినదే. సముద్రమున వలె కాళ్లను పైకి క్రిందికి కొట్టినచో గుహయడుగున నున్న మెత్తని ఒండ్రు లేచి, గడియలో తన చేయి తనకు కనబడదు. కాన కప్పవలె కాళ్లు ముడిచి వెనుకకు తన్నవలెను.

గాలి లెక్క మన ఉన్నత పాఠశాల విద్యార్థులు తామే వేసి చూడదగినది. గాలిని మూడు భాగములు చేసి, ఒక భాగము పోవుటకు, ఒకటి వచ్చుటకు, ఒకటి ఆపదకు ఉంచవలెను. ఇద్దరికిని చెరి 180 పాళ్ల గాలి ఉన్నదనుకొందము. చెరి 60 పాళ్లు వాడి లోపలికి పోయిరి. సరిగా అచ్చట ఒకని గాలి యంతయు పోయెను. రెండవవానియొద్ద 120 మిగిలినవి. వెలుపలికి వచ్చుటకు మనిషికి 60 చొప్పున 120 కావలెను. సరిపోయినది, కాని ఒక్క పాలైనను మిగులలేదు. భయపడినవాడు ఎక్కువ గాలి పీల్చును గదా! అందుచే మూడవవంతు కంటెను తక్కువతోనే వెనుదిరుగువారు గలరు. లోతు పెరిగినకొలది ఈ లెక్క మరింత బిగియును. నీటిలో సుమారు 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనము హెచ్చును. కాన ఉపరితలమున 60 నిమిషములు వచ్చు గాలి 30 మీటర్ల లోతున 15 నిమిషములే వచ్చును. ఆ లోతు దాటిన నైట్రోజను వాయువు మత్తువలె బుద్ధిని మందగింపజేయును. గాలిలేని జతగానికి తన గాలిని అందించుటకు రెండు మీటర్లకు మించిన గొట్టమును వాడుదురు. ఇరుకుదారిలో ఇద్దరును ప్రక్కప్రక్కన ఈదలేరు గదా.

ఎక్స్‌లీ కూడ నీటియందే మరణించెను. 1994 ఏప్రిలు 6 వ తేదీన మెక్సికో దేశమునందలి సకాటోన్ అను అగాధకూపమున, 300 మీటర్లను దాటవలెనని దిగి తిరిగి రాలేదు. ఆయన కూర్చిన నియమములను మాత్రము నేటికిని నేర్పుచున్నారు.

వానితోకూడ నేర్పు మరియొక కట్టుబాటు మాకు మిక్కిలి నచ్చినది. మన దేశమున బొటనవ్రేలు పైకెత్తిన "బాగు" అని అర్థము. నీటిలో దానికి "ఇక చాలు, పోదము" అని అర్థము. జట్టులో ఎవ్వరైనను, ఏ క్షణముననైనను ఆ సైగ చేయవచ్చును. అది ప్రార్థన కాదు, ఆజ్ఞ. కారణమడుగరు, వెలుపలికి వచ్చిన పిమ్మటను నిందింపరు. నిన్న చేరిన విద్యార్థి వ్రేలెత్తినను, వేయిమారులు గుహలు చూచిన గురువు మారుమాటలేక త్రాడు పట్టుకొని వెనుదిరుగవలెను.