టీకా మందులు: లాభనష్ట విచారము

కొండనాలుకకు మందు వేయగా నున్న నాలుక యూడినదని మనలో నొక సామెత కలదు. బిడ్డకు టీకా వేయించుటకు వెనుదీయు తల్లి భయ మీ సామెతలోనే యున్నది. ఆ భయమును నవ్వి త్రోసివేయరాదు. రోగి మందు త్రాగుట వేరు. ఆరోగ్యముతో నాడుకొను పసిబిడ్డకు, రాగల రోగమును దలచి మందిచ్చుట వేరు. ఆ మందువలన కీడు కలిగినచో దానికి మనమే కారకుల మగుదుము. కావున ప్రజలకు టీకాలను పంచువారు మేలుకీడుల నెట్లు తూచవలయునో యొక నిజవృత్తాంతముచే దెలిసికొందము.

రోటావైరసు అను సూక్ష్మజీవిని 1973వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమందు రూత్ బిషప్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును కనుగొనిరి. చక్రమువలె కనబడుటచే, లాటిను భాషలో చక్రమని యర్థమిచ్చు 'రోటా' శబ్దమునుండి దీనికి పేరు గలిగెను. ఇది పసిబిడ్డల ప్రేగులలో జేరి వాంతులను, నీళ్ల విరేచనములను గలిగించును. ఒడలిలోని నీరును, లవణములును హరించిపోవుటచే బిడ్డ కొలది దినములలోనే మరణింపవచ్చును. 2000వ సంవత్సర ప్రాంతమున ప్రపంచమందు ఏటేట 5 లక్షలకు పైగా పిల్లలు దీనిచే మృతినొందుచుండిరని లెక్క కట్టబడినది. వీరిలో అత్యధికులు బీద దేశములవారు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోనో, ఏటికి 20 మొదలు 60 మంది వరకే చనిపోవుచుండిరి. వైద్యశాల చేరువనుండుటయే యీ భేదమునకు ముఖ్య కారణము.

1998వ సంవత్సరము ఆగస్టు నెలలో, రోటాషీల్డు అను పేరుగల నోటిచుక్కల టీకాకు అమెరికా ప్రభుత్వము అనుమతి నొసగెను. అంతకుముందు జరిగిన పరీక్షలలో టీకా పుచ్చుకొన్న 10,054 మంది శిశువులలో 5 గురికి ప్రేగులో ప్రేగు చొచ్చుకొనిపోవు వ్యాధి కలిగెను. టీకా లేని 4,633 మందిలో ఒక్కనికి కలిగెను. ఈ వ్యాధి టీకా లేకున్నను శిశువులకు అప్పుడప్పుడు కలుగునదే. ఐదునకును, ఒకటికిని గల భేదము టీకా వలననా, యాదృచ్ఛికముగనా యని యింత చిన్న సంఖ్యలచే నిర్ణయించుటకు వీలులేదు. గణితము చదువు విద్యార్థులు దీనిని జక్కగా గ్రహింపగలరు: నాణెమును ఆరు పర్యాయములు ఎగురవేసిన, ఐదు మారులు బొమ్మ పడవచ్చును, అంతమాత్రమున నాణెము చెడ్డదనరాదు, మంచిదనియు రూఢిగా జెప్పరాదు.

కావున పరీక్షతో పని ముగియలేదు. టీకా పిమ్మట కలుగు అనారోగ్యములను వైద్యులును, తల్లిదండ్రులును తెలుపుటకు ఆ దేశమున నొక యేర్పాటు కలదు. 1999 జూలై తొలివారము నాటికి ఈ ప్రేగువ్యాధిని గూర్చి 15 వార్తలు చేరెను. అధికారులు మరణములు చూచిన పిమ్మట కదలుదమని కూర్చుండక, ఆ నెలలోనే టీకాను తాత్కాలికముగ నిలిపిరి; అక్టోబరులో దానిని తయారుచేసినవారు ఉపసంహరించుకొనిరి. తరువాతి పరిశోధనలలో, మొదటి మోతాదు పిమ్మట 3 మొదలు 14 దినములలోపల అపాయ మధికమనియు, సుమారు 10,000 మంది శిశువులలో ఒకరికి ఈ కీడు కలుగుననియు తేలినది.

ఇక తక్కెడ పట్టుదము. అమెరికాలో రోటావైరసు మరణములు కొలదియే; ఆ దేశపు తక్కెడలో టీకా కీడు బరువుగ తోచుటలో వింతలేదు. కాని వేలకొలది బిడ్డలు విరేచనములచే మరణించు దేశమున అదే కీడు, అదే తక్కెడలో, తేలికయగును. 2000వ సంవత్సరము ఫిబ్రవరిలో జినీవా నగరమున నిపుణులు దీనిని గూర్చి చర్చించిరి. ధనిక దేశము వదలిన మందును మా బిడ్డల కెట్లిత్తుమని పెక్కుమంది సంకోచించిరి. ఆ సంకోచము న్యాయమైనదే. అయినను, మంచి టీకా మరల దొరకువరకు గడచిన సంవత్సరములలో విరేచనములు ఆగలేదు. ఏమియు జేయకుండుటకును ఒక వెల కలదని యీ వృత్తాంతము తెలుపుచున్నది.

తరువాతి రెండు టీకాలను ఒక్కొక్కదానిని 60,000 మందికి మించిన శిశువులపై పరీక్షించిరి. మెక్సికో, బ్రెజిలు దేశములు వానిలో నొకదానిని వాడుకకు దెచ్చెను. 2011లో ప్రకటింపబడిన లెక్క యిది: ఆ రెండు దేశములలో కలిపి ఏటికి సుమారు 96 మందికి టీకావలన ప్రేగువ్యాధి కలిగెను, వారిలో 5 గురు మరణించిరి, విరేచన మరణములు 1,300 తప్పెను, ఆసుపత్రి చేరవలసిన 80,000 మందికి ఆ యవసరము తప్పెను. అనగా ఒక మరణమునకు ప్రతిగా 260 ప్రాణములు నిలిచెను.

లెక్క స్పష్టము. కాని యొక్క మాట. బ్రతికిన 1,300 మందిలో తాను టీకాచే బ్రతికితినని యెరిగిన బిడ్డ యొక్కరును లేరు. ఆ ఐదుగురి తల్లులకో తమ దుఃఖము నిత్యము తెలియును. కావున అధికసంఖ్య మేలుపొందెనని చెప్పి ఐదుగురిని మరచుట ధర్మము గాదు. వారికొరకే నిర్వాహకులు నాలుగు పనులు చేయవలయును: టీకాకు పూర్వమే వ్యాధుల లెక్క నుంచుట, పిమ్మట కలుగు ప్రతి వార్తను దాచక వినుట, కీడు సంభవమని తల్లిదండ్రులకు ముందే చెప్పుట, చికిత్సను చేరువనుంచుట.

మన దేశమునందు, ఢిల్లీలో నొక శిశువునుండి గ్రహించిన వైరసుతో హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ అను టీకాను సిద్ధపరచెను. 2016లో దానిని ప్రజలకు మొదట నొసగిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. పిమ్మట పెక్కు ఆసుపత్రులలో కనిపెట్టి చూడగా, దానివలన ప్రేగువ్యాధి హెచ్చినట్లు కానరాలేదని 2020లో ప్రకటించిరి. అయినను జాగరూకత విడువరాదు. చుక్కలు వేసిన వారము దినములలో బిడ్డ విడిచి విడిచి మోకాళ్లు ముడిచి యేడ్చుచు, వాంతులు చేసికొనుచు, జిగట రక్తముతో విరేచన మైనచో, నాటుమందులతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి దీసికొనిపోవలయును. తొలుతనే చూపినచో సాధారణముగ బిడ్డ కోలుకొనును.

ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొనువాడు వివేకి గాడు. ఎలుకలే లేవని కన్నులు మూసికొనువాడును వివేకి గాడు. దీపము చేతబట్టి మూలమూలలు వెదకుచు, ఇంటిని నిలుపుకొనువాడే గృహస్థు. విద్యార్థులారా, రేపు మీలో నొకరు వైద్యులు గావచ్చును, ఒకరు అధికారులు గావచ్చును, అందరును తల్లిదండ్రు లగుదురు. భయమునకు లెక్కతోడను, లెక్కకు దయతోడను బదులు చెప్ప నేర్చుకొనుడు.